కావలివాడే కొట్టునప్పుడు

(సంఘ సభ్యుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)

నేను వైద్యుడను కాను. అయినను కీళ్లవాతముతో మంచము పట్టినవారి ఇండ్లకు వెళ్లునప్పుడు, “అయ్యగారూ, ఈ క్రొత్త సూదిమందు వేయించుకొనవచ్చునా?” అని అడుగుచున్నారు. అందుచేత తెలిసికొన్నంత మీ ముందుంచుచున్నాను.

రోగక్రిములను పట్టుకొనుటకు మన శరీరములో కావలివారు కలరు. వారిలో ఒక తెగ ప్రతిరక్షకములు, అనగా యాంటీబాడీలు. తాళమునకు తగిన తాళపుచెవివలె ఒక్కొక్కటి ఒక్కొక్క గురినే పట్టును. కొందరిలో ఈ కావలి తికమకపడి స్వంత కీళ్లనే శత్రువుగా ఎంచి కొట్టును. రుమటాయిడ్ కీళ్లవాతము ఇట్టిదే. ఉదయమున వ్రేళ్లు బిగుసుకొనిపోవును, కీళ్లు వాచును, అశ్రద్ధ చేసినచో వ్రేళ్లు వంకరపోవును.

1975లో కేంబ్రిడ్జిలో కోహ్లర్, మిల్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులు ఒకే గురిగల ప్రతిరక్షకములను ప్రయోగశాలలో కావలసినంత తయారుచేయు విధానము కనుగొనిరి. 1984 నోబెల్ బహుమానములో వారికి భాగము లభించెను. తరువాత లండనులో మార్క్ ఫెల్డ్‌మన్, లుధియానాలో పుట్టిన రవీందర్ మైనీ కలిసి, కీళ్లలో మంట రగిలించునది టి.ఎన్.ఎఫ్. అను పదార్థమని గ్రహించిరి. దానిని పట్టి ఆపు ప్రతిరక్షకమును 1992లో చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో రోగులకిచ్చిరి. వాపు, నొప్పి తగ్గెను. మందు ఆగిన కొంతకాలమునకు మరల వచ్చెను. అదియే ఇన్‌ఫ్లిక్సిమాబ్. ఈ మందు రోగమును అణచును గాని, వేళ్లతో పెరికివేయదు.

అడాలిముమాబ్ కూడ టి.ఎన్.ఎఫ్.నే ఆపును. రిటుక్సిమాబ్ అనునది ప్రతిరక్షకములను పుట్టించు కణముల వంశమునే తగ్గించును. దానికి సాటియైన మందును మన హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో విడుదల చేసెను. అయినను ఇవి ఖరీదైన మందులు. సాధారణముగా డాక్టర్లు మొదట మెథోట్రెక్సేట్ వంటి చౌకమాత్రలతో చూతురు. ఆ మాత్ర వారమునకొకసారి మాత్రమే. ప్రతిదినము మ్రింగిన ప్రాణాపాయము.

ఇక ముఖ్యమైన మాట. శరీరములో నిద్రించుచున్న క్షయక్రిములను గోడకట్టి బంధించుటకు ఆ టి.ఎన్.ఎఫ్. అవసరము. దానిని ఆపినచో గోడ కూలి క్షయ బయలుపడవచ్చును. కనుక సూదికి ముందు ఛాతీ ఎక్స్‌రే, చర్మపరీక్ష లేక రక్తపరీక్ష చేయింతురు. నిద్రించు క్షయ కనబడినచో ముందు దానికి మందిత్తురు. పెండ్లి సంబంధములు తప్పిపోవునని ఇంటిలోని క్షయను దాచు అలవాటు మనలో కలదు. పొరుగువారియొద్ద దాచినను డాక్టరుయొద్ద దాచకుడి. మందు వాడుచుండగా జ్వరము, విడువని దగ్గు వచ్చినచో ఆలస్యము చేయకుడి.

ఉదయమున బిందె ఎత్తలేని కోడలిని సోమరి అనకుడి. ఇది ఎవరి పాపఫలమును కాదు, చేతబడియు కాదు. కీళ్లు పాడైన తరువాత ఏ సూదియు వాటిని మరల క్రొత్తవి చేయజాలదు. కనుక వాపు మొదలైన దినములలోనే ఆమెను కీళ్ల డాక్టరుయొద్దకు తీసికొనిపొండు. ఇంటిలో తోడు లేనిచో సంఘములో ఒకరు తోడుగా వెళ్లుడి.