ఎండను కొలిచే చదువు

వేసవి మధ్యాహ్నం ఆబిడ్స్ కూడలి నుండి నాంపల్లి స్టేషను వరకు కాలినడకన పోయినవారికి ఎండను గురించి ఉపన్యాసం అక్కరలేదు. అయితే నడిచే మనకు ఆ బాధ కొద్దిసేపే. వెనుక సందులో రేకుల కప్పు క్రింద కాపురముంటూ, అక్కడనే కుట్టుమిషను త్రొక్కే మనిషికి అది రోజంతా. పగలు వేడిని త్రాగిన గోడలు రాత్రివేళ దానిని ఇంటిలోనికే వదలుతాయి గదా! భూమి వేడెక్కుతున్న కొలది ఈ కష్టం పెరిగేదే.

దీనికి విశ్వవిద్యాలయం ఏమి చేయగలదు? నాంపల్లి చరిత్రలోనే ఒక సమాధానం ఉన్నది. ఉస్మానియా పట్టభద్రుల సంఘం వారు నాటి హైదరాబాదు రాజ్యపు ఆర్థిక స్థితిగతులను సర్వే చేయదలచి, అందుకు ధనం కూర్చడానికై 1938లో పబ్లిక్ గార్డెన్సులో స్వదేశీ వస్తువుల ప్రదర్శన పెట్టారు. 1946లో ఇప్పటి మైదానానికి మారిన మన నుమాయిష్ అదే. లెక్క తెలుసుకోవాలన్న పట్టుదల నుండి అది పుట్టినది.

ఈనాడు తీయవలసిన లెక్క వేడిది. 1991లో సుప్రీంకోర్టు ఆదేశించగా, 2003 ప్రాంతాన పర్యావరణం డిగ్రీ విద్యార్థులకు తప్పనిసరి పాఠమైనది. కాని పరీక్ష వ్రాసి మరచిపోయే పాఠం ఏ ఇంటినీ చల్లబరచదు. 2017లో ఈ నగరంలో జరిగిన ప్రయత్నం వేరు. ట్రిపుల్ ఐటీ వంటి విద్యాసంస్థలు చేయి కలుపగా, 25 పేద ఇండ్ల కప్పులపై ఎండను తిప్పి పంపే తెల్లని పొర పరచి చూశారు. లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గినది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించినది. అయితే నివాసగృహాలలో 600 గజాలు, ఆపైన స్థలం గలవాటికే అది తప్పనిసరి, తక్కినవారికి ఐచ్ఛికం. మన కుట్టుపనివాని గది ఈ రెండవ కోవలోనిది. అతనికి చెప్పేవారెవరు?

ఆ పని విద్యార్థులు చేపట్టవచ్చును. ఈ పేటలలోని ఒక్కొక్క కళాశాల ఒక్కొక్క వీధిని ఎన్నుకొని, ఒక కప్పుకు తెల్లరంగు పూసి, ప్రక్క కప్పును అట్లే విడిచి, మే నెలంతా రెండు గదులలోని వేడిని వ్రాసుకొనవచ్చును. ఉష్ణమాపకాలు రెండు, నోటుపుస్తకం ఒకటి చాలును. ఆ అంకెలకు మార్కులివ్వడం విశ్వవిద్యాలయం వంతు. రంగు మాసిపోతే మరుసటి తరగతివారు మరల పూసి, మరల కొలవాలి.

లోకాన్నంతటినీ చల్లబరచడం ఒక తరగతి వల్ల కాదు. ఒక గదిలో 2 డిగ్రీలు తగ్గించడం అవుతుంది. ఆ రాత్రి ఆ గదిలోని పసివాడు నిద్రపోతాడు.