షుగర్ ఉన్నవారికి కొలెస్ట్రాల్ మాత్ర ఎందుకు?

(యూనియన్ ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



షుగర్ జబ్బు వచ్చిందంటే మనం చాయ్‌లో చక్కెర మానేస్తాం. రిపోర్టులో షుగర్ అంకె తగ్గితే నిశ్చింతగా ఉంటాం. కానీ షుగర్ ఉన్నవారిని ఎక్కువగా బలిగొనేది గుండెపోటు, పక్షవాతమే. అందుకే డాక్టరు షుగర్ మాత్రతోపాటు కొలెస్ట్రాల్ మాత్ర కూడా రాస్తాడు. మనలో చాలామంది "నాకు గుండెజబ్బు లేదు కదా, ఈ మాత్ర ఎందుకు?" అని నెల తిరక్కుండానే మానేస్తున్నారు. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

మన రక్తంలో ఎల్.డి.ఎల్. అనే చెడ్డ కొలెస్ట్రాల్ ఉంటుంది. అది రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. షుగర్ ఉన్నవారిలో ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది. ఎల్.డి.ఎల్. అంకె మామూలుగానే కనిపించినా, దాని రేణువులు చిన్నవిగా, చిక్కగా మారి ఎక్కువ హాని చేస్తాయి. నాళం పూడుకుంటున్నంత కాలం నొప్పి ఉండదు. అందుకే ఒంట్లో బాగుందని మాత్ర మానేయడం ప్రమాదం.

ఈ మందులను స్టాటిన్లు అంటారు. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో బూజు నుంచి మొదటి స్టాటిన్‌ను కనిపెట్టాడు. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని ఇది తగ్గిస్తుంది. అప్పుడు కాలేయం తనకు కావలసిన కొలెస్ట్రాల్‌ను రక్తంలోంచి లాక్కుంటుంది.

ఫలితం ఉందా? బ్రిటన్, ఐర్లండ్‌లలో అంతవరకు గుండెజబ్బు లేని 2,838 మంది షుగర్ రోగులపై పరీక్ష జరిగింది. సగం మందికి రోజుకు 10 మిల్లీగ్రాముల అటార్వాస్టాటిన్, సగం మందికి ఉత్త మాత్ర ఇచ్చారు. 2004లో వెలువడిన ఫలితం ప్రకారం, మందు వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి 37 శాతం తగ్గాయి. మేలు అంత స్పష్టంగా కనిపించడంతో పరీక్షను రెండేళ్లు ముందుగానే ఆపేశారు.

ఇక మన భయాల సంగతి. స్టాటిన్ వల్ల షుగర్ కొంచెం పెరగవచ్చన్నది నిజమే. కానీ గుండెకు జరిగే మేలు అంతకంటే ఎంతో ఎక్కువ. కాలేయం తీవ్రంగా దెబ్బతినడం చాలా అరుదు. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. రోజంతా మగ్గం దగ్గర నిలబడేవారికి నొప్పులు ఎలాగూ ఉంటాయి కనుక, మాత్ర మొదలుపెట్టాక కొత్తగా వచ్చిన నొప్పేనా అని చూసుకుని డాక్టరుకు చెప్పండి. మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. నొప్పి విపరీతమై మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. గర్భవతులు, గర్భం కోరుకునే సోదరీమణులు ముందే డాక్టరును అడగాలి.

షిఫ్టులు మారే మనకు ఒక వెసులుబాటు ఉంది. అటార్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ఏ వేళైనా వేసుకోవచ్చు. రోజూ ఒకే వేళకైతే మరచిపోము. కొలెస్ట్రాల్ పరీక్షకు చాలాసార్లు పరగడుపున ఉండనక్కర్లేదు. డ్యూటీ దిగాక కూడా ఇవ్వవచ్చు. షుగర్ ఉండి 40 దాటినవారు ఈ మాత్ర గురించి డాక్టరును తప్పక అడగాలి. మాత్ర ఉంది కదా అని బీడీ, తంబాకు, నూనెలో వేయించిన భజీలు వదలకపోతే లాభం లేదు.

సోదరులారా, ఇది ఒక్కొక్కరి సొంత బాధ్యతే కాదు. ఇ.ఎస్.ఐ. ఉన్నవారికి పరీక్ష, మందు ఉచితంగా అందాలి. అది మన జీతంలోంచి కోసిన డబ్బుతో వచ్చిన హక్కు. హాజరు పుస్తకంలో పేరే లేని మరమగ్గాల కార్మికుడికి ఆ హక్కు ఎక్కడిది? అతడు ఒక పూట పరీక్షకు పోతే ఆ పూట కూలి పోతుంది. అందుకే ప్రతి కార్మికుడి పేరు రిజిస్టరులో ఎక్కాలని, ఏడాదికొకసారి షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు కూలి కోత లేకుండా జరగాలని మనం అడగాలి.

మగ్గం ఆగితే యజమాని మెకానిక్‌ను పిలుస్తాడు. మన గుండె ఆగితే వీధిన పడేది మన పిల్లలే. మాత్ర మానకండి, హక్కు వదలకండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!