లెక్కకు రాని పరుగులు



మన ఆరణి పాఠశాల డెబ్బదియైదు వసంతాలు పూర్తిచేసికొన్న ఈ శుభవేళ నన్ను నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు ఆదేశించారు. ఈ బడి పేరు నిలిపినవారిని గూర్చి ఇంతవరకు విన్నాము. నేను మన బడిలో చదువని ఒక తెలుగు ఆడపిల్లను గూర్చి చెప్పదలచాను.

ఆమె పేరు యర్రాజి జ్యోతి. 1999లో విశాఖపట్నంలో జన్మించింది. తండ్రి కాపలా ఉద్యోగి. తల్లి ఇండ్లలోను, ఆసుపత్రిలోను పనిచేసి సంసారం నడిపింది. జ్యోతి ఎన్నుకొన్నది నూరు మీటర్ల హర్డిల్స్ పందెం. దారిలో సుమారు 84 సెంటీమీటర్ల ఎత్తున పది అడ్డంకులు. ఒకదానికి మరొకదానికి నడుమ ఎనిమిదిన్నర మీటర్ల ఎడం. అందులో మూడే అంగలు.

ఈ పందెంలో అనురాధా బిశ్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకండ్ల జాతీయ రికార్డు దాదాపు ఇరువది యేండ్లు చెక్కుచెదరలేదు. 2020లో మూడబిద్రిలో జరిగిన అంతర విశ్వవిద్యాలయ పోటీలలో జ్యోతి 13.03 సెకండ్లలో పరుగెత్తింది. అక్కడ ఆమెకు నిషిద్ధ ఉత్ప్రేరకాల పరీక్ష జరుగలేదు. సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. కనుక అది లెక్కకు రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 సెకండ్లు. వెనుకగాలి సెకండుకు రెండు మీటర్లు మించరాదన్నది నియమం. ఆనాడు వీచినది 2.1. అదియును లెక్కకు రాలేదు.

ఆమె మరల వచ్చి గీత వద్ద నిలిచింది. మే 10న సైప్రస్ దేశపు లిమసోల్‌లో 13.23 సెకండ్లు. తొలి రెండు పరుగులకన్న ఇది నెమ్మదియే. అయినను రికార్డుగా నమోదైనది ఇదే! అదే యేట ఆమె 13 సెకండ్ల లోపునకు వచ్చింది. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం, ఆసియా క్రీడలలో రజతం గెలిచింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పందెం పరుగెత్తిన తొలి భారతీయురాలైనది; అయితే సెమీఫైనలు చేరలేదు. 2025 జనవరిలో రాష్ట్రపతి చేతులమీదుగా అర్జున పురస్కారం అందుకొన్నది. ఆ మే నెలలో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా స్వర్ణాన్ని 12.96 సెకండ్లలో నిలుపుకొన్నది. వాన కురిసి, ప్రేక్షకుల స్థానాలు చాలవరకు ఖాళీగా ఉన్న వేళ అది. చప్పట్లు లేకున్నను పరుగు పరుగే గదా!

ఇక నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకొంటాను. మా అబ్బాయి ఒకనాడు పరుగు పందెమునుండి బహుమతి లేక ఇంటికి వచ్చాడు. "ఏమి తెచ్చావు?" అని అడిగాను. "ఎట్లు పరుగెత్తావు?" అని అడుగలేదు. పిల్లవాడు ఆ తరువాత మైదానానికి పోలేదు.

తల్లిదండ్రులారా! మార్కుల పట్టికలో, పతకాల జాబితాలో చేరని పరుగులు మన పిల్లలకు ఎన్నో ఉంటాయి. వాటిని ఎవరు లెక్కించినా, లెక్కించకున్నా, ఇంటిలో మనము, బడిలో గురువులు లెక్కించాలి. చిరంజీవులారా! మీ పరుగు లెక్కకు రాని నాడు మరల గీత వద్దకు రండి. ఆరణి యేటి ఇసుకలో పరుగులు నేర్చిన మేమందరము మీ వెంట ఉంటాము.