ఆడి చూడండి, "బాగుంది" అని మాత్రం అనకండి

(వినే వీలు లేనోళ్ల కోసం ఈ ఎపిసోడ్ మాటలు ఇక్కడ రాసి పెడుతున్నాం. మాట్లాడిన తీరు మార్చలేదు.)

డ్యూటీ దిగి రూముకు వచ్చి ఇయర్‌ఫోన్ పెట్టుకున్న అన్నలకు, కంపెనీ బస్సులో కూర్చుని వింటున్న తమ్ముళ్లకు, కువైట్‌లో వంటింట్లో సౌండు తగ్గించుకుని వింటున్న అక్కలకు, అందరికీ ఒక మాట. ఇవ్వాళ నాకు మీతోని పని పడింది. సలహా చెప్పడానికి రాలేదు, అడగడానికి వచ్చిన.

మాది జగిత్యాల దిక్కు. షార్జాలో ఒక గోదాంలో స్టాకు లెక్కలు రాస్తా. ఏడాదిన్నర నుంచి రాత్రిపూట, సెలవు రోజుల్లో కూర్చుని ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం ఒక చిన్న యాప్ తయారు చేస్తున్న. ఇది ఆటలు ఆడుకునే యాప్ కాదు, ఆటలు తయారు చేసుకునే యాప్. కోడింగ్ రాకున్నా, ఇంగ్లీషు రాకున్నా, జన్మలో కంప్యూటర్ ముట్టకున్నా సరే, ఫోన్లోనే బొమ్మ పెట్టి, ఆ బొమ్మ ఎట్ల నడవాలో తెలుగులో చెప్పి, అయిన ఆటను ఇంటికి పంపుకోవచ్చు. ఇంకా పచ్చిగానే ఉంది. పేరు కూడా పెట్టలేదు.

ఆలోచన నాది కాదు, అది ముందే చెప్పాలె. అమెరికాలో ఎమ్మైటీ వాళ్లు 2007లోనే స్క్రాచ్ అని ఒకటి బయటికి తెచ్చిన్రు. రంగురంగుల ముక్కలు ఒకదాని కింద ఒకటి తగిలిస్తే ప్రోగ్రాం తయారైతది. మీ పిల్లల్లో కొందరు బడిలో నేర్చుకునే ఉంటరు. కథ చెప్పే ఆటలకు 2009 నుంచి ట్వైన్ అని ఉంది. ఆస్ట్రియాలో గ్రాజ్ అనే ఊరి యూనివర్సిటీ వాళ్లు ఫోన్లోనే పని అయ్యేటట్టు పాకెట్ కోడ్ తెచ్చిన్రు. అన్నీ ఉచితమే. మరి ఇన్ని ఉండగా నీదెందుకురా అని అడుగుతరు. అడగాలె కూడా.

నా జవాబు ఇది. అవి మంచి పనిముట్లు, నేను వాటి దగ్గరనే నేర్చుకున్న. కానీ అవి చేసినోళ్ల కళ్ల ముందు మనం లేము. స్క్రాచ్ చేసినోళ్లు దాన్ని గదిలో కూర్చుని ఊహించి చేయలేదు. బడి అయినంక పిల్లలు వచ్చే కంప్యూటర్ క్లబ్‌హౌస్‌లు అనే కేంద్రాల్లో, వాళ్ల చేత వాడించుకుంటూ, చూసి మార్చుకుంటూ చేసిన్రు. అందుకే అది పిల్లల చేతికి అంత బాగా కుదిరింది. నాకు అట్లాంటి కేంద్రం లేదు. ఉన్నదల్లా క్యాంపులో రెండంతస్తుల మంచాలు, పగుళ్లు పట్టిన ఫోన్లు, మీరు.

ఇప్పటిదాకా ఐదుగురి చేత ఆడించిన. యాకబ్ నీల్సన్ అని ఈ రంగంలో పేరున్నాయన 2000లో రాసిండు, ఐదుగురి చేత వాడించి చూస్తే పెద్ద లోపాలు చాలా వరకు బయటపడతయని. నిజమే, బయటపడ్డయి. అయితే రకరకాల మనుషులు వాడేదైతే ఐదుగురు చాలరని కూడా ఆయనే చెప్పిండు. నా ఐదుగుర్లో నలుగురిది ఒకటే మండలం. అందుకే ఈ ఎపిసోడ్.

ఏం బయటపడిందో రెండు మూడు చెప్తా, అప్పుడు మీ దగ్గర ఏం కావాలో మీకే అర్థమైతది.

మొదటి మనిషి టైల్స్ మేస్త్రీ, నాకంటే పదేళ్లు పెద్ద. ఎండాకాలం ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని బంద్ కదా, ఆ రెస్టులో ఫోన్ చేతికిచ్చిన. అప్పుడు యాప్‌లో ముక్కను వేలితో పట్టి లాగాలె. ఆయన లాగుతడు, జారిపోతది. మళ్ల లాగుతడు, జారిపోతది. సిమెంటుకు వేళ్ల కొసలు అరిగి గరుకైనయి. తన ఫోన్ వేలిముద్ర తీసుకోక ఆయన ఎప్పుడో నంబర్ లాక్ పెట్టుకున్నడు. నాలుగోసారికి ఫోన్ నా చేతిలో పెట్టి "నాకు చేతనైతలేదు తమ్మీ, మీరు చదువుకున్నోళ్లు" అన్నడు.

ఆ మాట జాగ్రత్తగా వినండి. పనిముట్టు సరిగ లేకుంటే, అరిగిపోయిన కరణితో పూత సరిగ రాకుంటే, అదే మేస్త్రీ కరణిని తిడతడు, తనను తాను తిట్టుకోడు. ఫోన్ దగ్గరికి వచ్చేసరికి తప్పు తనదే అనుకుంటడు. మనలో చాలామందిమి ఇంతే. ఏటీఎం ముందు, ఎయిర్‌పోర్ట్ మిషన్ ముందు, ఇట్లనే తల వంచుకుంటం. ఇప్పుడు యాప్‌లో లాగుడు లేదు. ఒకసారి ముట్టుకుంటే ముక్క చేతికొస్తది, ఇంకోసారి ముట్టుకుంటే అక్కడ పడ్తది. మేస్త్రీ ఆ వారమే ఒక మేక బొమ్మను నడిపించిండు.

కువైట్‌లో ఇంటి పని చేసే ఒక అక్క, కడప జిల్లా ఆమె, వాయిస్ మెసేజ్ పెట్టింది. గుసగుసగా మాట్లాడింది, రెండుసార్లు వింటే గానీ తెలియలేదు. "నాయనా, నీ ఆట తెరిస్తే టింగుమంటాది. పక్క రూములో మేడం పడుకోనుంటాది. నాకు తీరేదే రాత్రి పదకొండు తర్వాత" అని. ఇప్పుడు యాప్ సప్పుడు లేకుండా తెరుచుకుంటది, కావాలంటేనే సౌండ్. గోదాంలో పనిచేసే నాకు ఆ సంగతి ఏ జన్మకు తట్టాలె?

ఇంకొకటి మాటల గొడవ. ఆటలో పాయింట్లు దాచిపెట్టే చోటును ఇంగ్లీషులో వేరియబుల్ అంటరు, మన లెక్కల పుస్తకంలో చలరాశి. ఒక తమ్ముడు చలరాశి అనే మాట చూడంగనే "అన్నా, ఇదుంటే నేను ఆడ, పదో తరగతి యాదికొస్తది" అన్నడు. "డబ్బా" అని పెట్టి చూపిస్తే నవ్విండు గానీ వాడిండు. పాయింట్ల డబ్బా, ప్రాణాల డబ్బా. పండితులు ఒప్పుకోకపోవచ్చు, నాకు మాత్రం డబ్బానే నచ్చింది. మీ దిక్కు ఇంకేమన్న మంచి మాట ఉంటే చెప్పండి.

అన్నిట్లకంటె నాకు నచ్చింది అష్టాచెమ్మా సంగతి. ఒక తమ్ముడు యాప్‌లో అష్టాచెమ్మా చేసిండు. గవ్వలు వేసే కాడ, 1, 2, 3, 4, 8 ఈ ఐదింట్లో ఏదో ఒకటి పడాలె అని పెట్టిండు. చూస్తే కరెక్టే అనిపిస్తది. దాన్ని ఊళ్లో వాళ్ల నాయినమ్మకు పంపిండు. ముసలామె మనుమరాలి ఫోన్లో రెండాటలు ఆడి, "గిన్ని అష్టాలు యాడ పడ్తయిరా, ఇది దొంగాట" అన్నదట.

ఆమె చెప్పింది లెక్క ప్రకారం నూటికి నూరు పాళ్లు నిజం. నాలుగు గవ్వలు. నాలుగూ బోర్లా పడితేనే అష్టా, నాలుగూ వెల్లకిలా పడితేనే చెమ్మా. ఒక్కో గవ్వ అటో ఇటో సమానంగా పడ్తది అనుకుంటే, పదహారు సార్లలో ఒక్కసారి అష్టా, ఒక్కసారి చెమ్మా. రెండు పడే వీలు మాత్రం పదహారులో ఆరు. తమ్ముడు పెట్టినట్టు ఐదింట్లో ఒకటి ఏరుకుంటే, అష్టా ఐదుసార్లకు ఒకసారి పడ్తది. అష్టా, చెమ్మా పడితే ఇంకో పందెం ఉంటది కదా, ఇగ ఒకడే వేసుకుంట పోతడు, ఎదుటోడు చూసుకుంట కూసుంటడు. బడికి పోని మనిషి రెండాటల్లో పట్టుకున్నది. ఇప్పుడు యాప్‌లో "గవ్వలు వెయ్" అని వేరే ముక్క ఉంది. ఒక్కో గవ్వను విడిగా వేసి లెక్క కడ్తది.

అంటే నాకు రెండు రకాల మనుషులు కావాలె. తయారు చేసేటోళ్లు, ఊళ్లో కూర్చుని ఆడేటోళ్లు. మీ పిల్లకు పంపిన ఆటలో మేక గోడలోకి దూరిపోతే, ఆ సంగతి మీకంటే ముందు ఆ పిల్లకే తెలుస్తది. ఆ పిల్ల మాట కూడా నాకు చేరెయ్యండి.

ఎట్ల చెప్పాలంటరా? ఇక్కడ వాట్సాప్ కాల్ పోదు గానీ వాయిస్ మెసేజ్ పోతది. మన పాడ్‌కాస్ట్ నంబరుకే పెట్టండి, ఒక నిమిషం చాలు. "చాలా బాగుంది అన్నా, కంగ్రాట్స్" అని పెట్టకండి. మనోళ్లకు మొహమాటం ఎక్కువ, ఎవరింట్లో తిన్నా ఉప్పు తక్కువైందని అనరు. నాకు ఉప్పు సంగతే కావాలె. మీ వేలు ఎక్కడ ఆగింది, ఆ ముక్క నొక్కితే ఏమైతది అనుకున్నరు, నిజంగా ఏమైంది, ఇంతే. దాన్ని ఎట్ల బాగు చేయాలో మీరు చెప్పకున్నా పర్వాలేదు. విసుగొచ్చి బంద్ చేస్తే, ఎన్ని నిమిషాలకు విసుగొచ్చిందో చెప్పండి. రూములో ఇంకొకరి చేత ఆడించేటప్పుడు మాత్రం ఒక షరతు. పక్కన కూర్చుని "అది కాదు, ఇది నొక్కు" అనొద్దు. నోరు మూసుకుని చూడాలె. నాకు అన్నిట్లకంటె కష్టమైన పని అదే, చెయ్యి గుంజుతనే ఉంటది.

ఇంక మీరు సమయం పెట్టేముందు తెలుసుకోవాల్సినవి. మీరు చేసిన ఆట మీ ఫోన్లోనే ఉంటది, నా దగ్గర కాపీ ఉండదు. సర్వర్‌కు నెలనెలా పైసలు కట్టే స్తోమత నాకు లేదు, మీ ఇంటి ఫొటోలు, పిల్లల గొంతులు నా దగ్గర ఉండడం కూడా నాకు ఇష్టం లేదు. ఫోన్ పోతే ఆట పోతది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాతది తెరుచుకోకపోవచ్చు కూడా. కాబట్టి బిడ్డ పుట్టినరోజుకని నెల రోజులు కష్టపడి చేసే ఆట దీంట్లో ఇప్పుడే మొదలుపెట్టకండి. చిన్నవి చేయండి, పోయినా బాధ కానివి. ఐఫోన్‌లో నడవదు. అచ్చం చదవడం రానోళ్లకు ఇంకా కష్టమే, బొమ్మల గుర్తులు సగం ముక్కలకే పెట్టిన.

నా సంగతి కూడా చెప్పేస్తా. డిసెంబర్‌లో నా కాంట్రాక్ట్ అయిపోతది, ఇంటికి పోతున్న. ఇంటికి పోయినంక ఏదో ఒక పని చూసుకోవాలె, రాత్రులు ఇట్ల మిగలవు. దీన్ని ఇంకో ఏడాది మోయాల్నా, ఇక్కడికే ఆపి కోడ్ అంతా ఉచితంగా వదిలేసి ఇంకెవరికన్న అప్పజెప్పాల్నా అనేది అప్పటికి తేల్చుకోవాలె. ఇంట్లో నా భార్య ఒకటే ప్రశ్న అడుగుతుంది, "నీకు తప్ప ఇది ఇంకెవరికన్న కావాల్నా?" అని. ఆమెకు నేను జవాబు చెప్పలేను, మీరే చెప్పాలె. వద్దు అనేది కూడా జవాబే. ఎవరికీ అక్కర లేదని తెలిస్తే నేను నిమ్మళంగా పడుకుంట.

ఈ నెలలో పులిమేక చేస్తున్న, నమూనా ఆటగా. దాన్ని తెరిచి ఎవరికి వాళ్లు మార్చుకోవచ్చు. మా ఊళ్లో మూడు పులులు, పదిహేను మేకలు. ఇది విని మా రూములో గోదావరి జిల్లా అన్న ఒకాయన లేచి కూర్చుని నాలుగు పులులు, పదహారు మేకలు అన్నడు. గంటసేపు కొట్లాట. గీతలు గీసే తీరు కూడా వేరే. అందుకే పులుల లెక్క, మేకల లెక్క రెండూ మార్చుకునేట్టు పెడుతున్న. మెసేజ్ పెట్టేటప్పుడు మీ ఊర్లో ఎన్ని పులులో, ఎన్ని మేకలో, ఊరి పేరుతోని చెప్పండి. వీలైతే నేల మీద సుద్దతో గీసి ఫొటో కూడా పంపండి.