చేవ్రాలు – దాని విలువ



సభ ముగియగానే చిన్న పుస్తకము చేతబట్టుకొని నాయకుని చుట్టును మూగు బాలబాలికలను చూడని ఊరు లేదు. ఇది పిల్లచేష్ట యని త్రోసివేయువారును కలరు. కాని చేవ్రాలు అడుగుటకును, ఇచ్చుటకును ఒక ధర్మము కలదని గాంధీమహాత్ముడు ఆచరించి చూపెను.

1933 నవంబరులో మహాత్ముడు హరిజనోద్ధరణమునకై దేశయాత్ర నారంభించి, డిసెంబరులో ఆంధ్రదేశమునకు విచ్చేసెను. చేవ్రాలు కోరినవారినుండి హరిజననిధికి ఐదు రూపాయలు స్వీకరించుట ఆయన వాడుక. ఆ యాత్రలోనే 1934 జనవరి 14న మలబారులోని వడగర సభలో కౌముది యను బాలిక ఒక బంగారు గాజు తీసియిచ్చి చేవ్రాలు కోరెను. ఆయన వ్రాయబోవునంతలో రెండవ గాజునుకూడ తీసెను. ఒక్కటి చాలునని ఆయన చెప్పుచుండగనే కంఠహారమును, చెవుల నగలను సమర్పించెను. తలిదండ్రుల సమ్మతి కలదా యని మహాత్ముడు విచారించెను. మరల నగలు చేయించుకొనరాదను నియమమునకు ఆమెను ఒప్పించెను. విడిచిన నగలకంటె ఆ త్యాగమే నిజమైన భూషణమను భావము వ్రాసి, క్రింద చేవ్రాలు చేసెను. ఆ కాగితమునకు విలువ సిరావలన రాలేదు.

దేశమునకును అట్టి చేవ్రాళ్ళ పుస్తకమొకటి కలదు. 1950 జనవరి 24న రాజ్యాంగసభ సభ్యులు చేతివ్రాతతో సిద్ధమైన రాజ్యాంగ ప్రతులపై చేవ్రాళ్ళు చేసిరి. 284 మంది చేవ్రాళ్ళుగల ఆ గ్రంథము పార్లమెంటు గ్రంథాలయమున భద్రముగా నున్నది. అయితే 1947 అక్టోబరు నాటికే తొలి చిత్తుప్రతిని సిద్ధపరచిన రాజ్యాంగ సలహాదారు బెనెగళ్ నరసింగరావు సభ్యుడు కాడు. కావున ఆ పుటలలో ఆయన చేవ్రాలు లేదు. 1949 నవంబరు 25న డాక్టరు అంబేద్కరు తనకు దక్కిన ప్రశంసలో కొంత భాగము ఆయనకు చెందునని సభలోనే చెప్పెను.

కనుక చేవ్రాళ్ళు సేకరించువారు వేదికమీది నాయకునితో ఆగిపోరాదు. ఆయన వెనుక కూర్చుండి చిత్తులు వ్రాసిన సలహాదారుని, కార్యదర్శినికూడ అడుగవలెను. ప్రతి చేవ్రాలు క్రింద తేదీ, స్థలము, సందర్భము గుర్తింపవలెను. అవి లేనిచో మనుమల నాటికి అది ఎవరిదో తెలియని గీత యగును. నాయకుల కార్యాలయములనుండి వచ్చు ఉత్తరములపై రబ్బరు ముద్రలును, యంత్రము గీసిన సంతకములును ఉండవచ్చును. కావున ఎదుట వ్రాయించుకొన్నదే నమ్మదగినది. తేమకు, ఎండకు, చెదలకు దూరముగా నుంచవలెను. ఇంటిలో కాపాడువారు లేనప్పుడు గ్రంథాలయమునకు అప్పగించుట మేలు.

పల్లెటూరి గ్రంథాలయమునకు నాయకుడు వచ్చినప్పుడు సందర్శకుల పుస్తకమును ఆయన ముందుంచుట పరిపాటి. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయము ఆ పుస్తకమున మరికొన్ని పుటలు చేర్చుకొనవలెను. స్థలమిచ్చినవారు, సాయంకాలము దీపము వెలిగించినవారు, ఇంటింటికి పుస్తకములు మోసినవారు, నెలనెల చందా తప్పక చెల్లించినవారు అందు చేవ్రాలు చేయవలెను. వారిలో వ్రాయనేర్వనివారున్నచో, వారి వ్రేలిముద్ర ప్రక్కన వారు చేసిన పనిని వారి పిల్లలు స్వహస్తముతో వ్రాయవలెను.