షంటింగ్ ఇంజన్ నేర్పిన పాఠం
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

రైల్వే గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మన హుస్నాబాద్‌కు రైలు లేదు. మా చిన్నప్పుడు రైలు చూడాలంటే ఉప్పల్‌కో జమ్మికుంటకో పోవాలి. లేదంటే ముల్కనూరు మీదుగా హన్మకొండ బస్సెక్కి కాజీపేట చేరుకోవాలి. పదో తరగతి అయ్యేదాకా రైలెక్కని నేను ఉద్యోగమంతా రైలింజన్ల మీదే గడిపాను. నేను రైల్వేలో ఉన్నానంటే ఎక్స్‌ప్రెస్ నడిపావా అని అందరూ అడుగుతారు. నా మొదటి ఏళ్లు గడిచింది మాత్రం యార్డులో, చిన్న షంటింగ్ ఇంజన్ మీద. ఇవాళ దాని గురించే చెబుతాను.

గూడ్సు బండి దానంతటదే తయారు కాదు. బొగ్గు వ్యాగన్లు ఒక లైన్లో, సిమెంటువి ఒక లైన్లో, రిపేరువి ఇంకో లైన్లో పెట్టాలి. విప్పాలి, కలపాలి, నెట్టాలి. ఆ పనే షంటింగ్. ఒకప్పుడు పాత ఆవిరి ఇంజన్లు దీన్ని చేసేవి. యార్డు పనిలో సగం సేపు నిలబడి ఉండటమే కదా! నిలబడ్డా బొగ్గు కాలుతూనే ఉండాలి. డీజిల్ ఇంజన్‌కు గంటల తరబడి నిప్పు రాజేయాల్సిన పని లేదు, పని లేనప్పుడు ఆపేయవచ్చు. అందుకే మన బ్రాడ్‌గేజ్ మీదకు డీజిల్ ముందుగా వచ్చింది షంటింగ్ కోసమే. 1944-45లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ నుంచి 15 చిన్న ఇంజన్లు వచ్చాయి. ఒక్కోదాని శక్తి 386 హార్స్‌పవర్. తర్వాత వాటికి డబ్ల్యూడీఎస్-1 అని పేరు పెట్టారు. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, డీ అంటే డీజిల్, ఎస్ అంటే షంటింగ్.

నేను పని చేసింది వాటి తర్వాతి తరం డబ్ల్యూడీఎస్-4 మీద. 1960ల చివర నుంచి బెంగాల్‌లోని చిత్తరంజన్ కర్మాగారంలో మనవాళ్లే తయారు చేశారు. బరువు 60 టన్నులు, శక్తి 600 నుంచి 700 హార్స్‌పవర్. అప్పట్లో పెద్ద బండ్లు లాగే డబ్ల్యూడీఎం-2కు 2,600 హార్స్‌పవర్. దాని పక్కన మాది ఏనుగు పక్కన దూడలా ఉండేది.

కానీ దాని లోపల గొప్ప తెలివి ఉంది. మా సైన్సు సారు ఒకసారి రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి, ఒకదానికే కరెంటు ఇచ్చారు. దాని గాలికి రెండోది కూడా తిరిగింది. మా ఇంజన్‌లోనూ అదే సూత్రం. గాలికి బదులు మూసిన పెట్టెలో నూనె. డీజిల్ ఇంజన్ ఒక చక్రాన్ని తిప్పితే, ఆ నూనె తోపుకు ఇంకో చక్రం తిరుగుతుంది. కుదుపు లేకుండా, మెల్లగా, బలంగా కదులుతుంది. ఈ ఇంజన్లలో వాడిన సూరి ట్రాన్స్‌మిషన్‌ను రూపొందించింది మన రైల్వే ఇంజనీరు మన్‌మోహన్ సూరి. అక్కణ్ణుంచి ఆ శక్తి ఆవిరి ఇంజన్‌కు ఉన్నట్టే బయట కనిపించే ఇనుప కడ్డీల ద్వారా మూడు జతల చక్రాలకు అందుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. షంటింగ్‌లో గంటకు 15 కిలోమీటర్లు దాటకూడదు. వ్యాగన్లు నెడుతున్నప్పుడు ముందేముందో ఇంజన్‌లో ఉన్నవాడికి కనబడదు. కింద నిలబడ్డ పాయింట్స్‌మన్ చేతిలోని జెండా, రాత్రయితే దీపం, అవే మన కళ్లు. దీపం కనబడకపోతే ఆపాలి.

ఒక చలికాలం రాత్రి, ఏ యార్డో చెప్పను, వ్యాగన్లు నెడుతున్నాను. గూడ్సు బయలుదేరే టైము దాటిపోయింది, కానియ్ కానియ్ అని పక్కనుంచి తొందర పెడుతున్నారు. దూరంగా ఊగుతున్న పచ్చదీపం ఒక్కసారిగా మాయమైంది. మంచు అడ్డమొచ్చి ఉంటుందిలే అనుకున్నాను. ఒక్క క్షణం చెయ్యి ఆడలేదు. తర్వాత బ్రేకు వేశాను. తిట్లు పడ్డాయి. దిగి వెళ్లి చూస్తే, పాయింట్స్‌మన్ కంకర మీద జారి పట్టాల మధ్య పడి ఉన్నాడు. చక్రం బారెడు దూరంలో ఆగింది. లేచి దుమ్ము దులుపుకుని, "మంచిగ ఆపినవ్ తమ్మీ, నాకు ఇద్దరు ఆడపిల్లలు" అన్నాడు. ఆ ఒక్క క్షణం ఆలస్యం ఇప్పటికీ నా నిద్ర చెడగొడుతుంది.

ఆ రాత్రి నుంచి నాకొక అలవాటైంది. డ్యూటీ ఎక్కగానే కింద పని చేసేవాళ్ల పేర్లు అడిగి తెలుసుకునేవాణ్ని. పేరు తెలిసిన మనిషి మీదికి బండి తొందరగా నెట్టబుద్ధి కాదు.

మన బడికీ అలాంటివాళ్లు ఉన్నారు. పొద్దున అందరికన్నా ముందు వచ్చి గంట కొట్టిన అటెండర్, గదులు ఊడ్చిన అమ్మ, కుండల్లో నీళ్లు నింపినాయన. హెడ్మాస్టర్ల పేర్లు ఆఫీసు గది బోర్డు మీద ఉన్నాయి, ఉండాల్సిందే. వీళ్ల పేర్లు మాత్రం నాకూ గుర్తు లేవు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

సంఘం పెద్దలకు నాదొక్కటే మనవి. అచ్చు కాబోయే సంచికలో వాళ్లకొక పేజీ కేటాయించండి. పాత సార్లను అడుగుదాం, వాళ్ల ఇళ్లకు పోయి కనుక్కుందాం. ఆ పేర్లు సేకరించే పని నాకే ఒప్పజెప్పండి. రిటైరయ్యాను, తీరిక ఉంది.