ఎక్కడ తాకాలి?

ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ డాక్టరుగారిని హిందూపురంలో ఎరగనివారు లేరు. ఆయన జీవితం చెప్పను, ఒక్క రోజు చెబుతాను. ధర్మవరం నుంచి ఒక ముసలి నేతకారుణ్ణి తీసుకొచ్చారు. 40 ఏళ్లు మగ్గం నేసిన మనిషి, పడుగు అతుకుతూ ఏ పోగు దగ్గర ఆగాడో మరిచిపోతున్నాడు. ‘వయసైపోయింది లే సామీ’ అన్నారు ఇంట్లోవాళ్లు. ‘ముందు తలకాయ ఫోటో తీపిచ్చుకోని రాండి’ అని డాక్టరుగారు వాళ్లను బెంగళూరు రైలెక్కించారు. మెదడును పైనుంచి ప్రేరేపించి జ్ఞాపకాన్ని నిలిపే దారి వెతికే నా పరిశోధనంతా ఆ మాట వెంట నడిచింది.

తలకు కరెంటు పెట్టిన పాత కథ మీకు తెలిసిందే. 1985లో షెఫీల్డులో బార్కర్ అయస్కాంతపు చుట్టతో పుర్రె తెరవకుండానే మెదడును ప్రేరేపించాడు. 2000లో గాటింగెన్‌లో నిచె, పౌలస్ సన్నని కరెంటుతో అదే దారి పట్టారు. దాటిపోదాం.

జ్ఞాపకానికి ఆయువుపట్టు హిప్పోకాంపస్. అది లోతున ఉంది, పైనుంచి అయస్కాంతం అందదు. 2014లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జోయెల్ వాస్ బృందం మెదడు పనిచేసే తీరు చూపే ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ తీసి, హిప్పోకాంపస్‌తో కలిసి స్పందించే పైచోటు ఒక్కొక్కరిలో ఎక్కడుందో విడివిడిగా వెతికింది. ఎడమ పెరైటల్ భాగంలో దొరికిన ఆ చోట 5 రోజులు ప్రేరణ ఇస్తే, ముఖానికీ మాటకూ జత కలిపి గుర్తుంచుకోవడం మెరుగైంది. ఇదే పద్ధతితో 2019లో వృద్ధుల్లోనూ, కొద్దిమందిలోనే అయినా, జ్ఞాపకం మెరుగుపడింది. గొలుసుకట్టు చెరువులు చూసిన పెనుకొండ వారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు: కింది చెరువు నిండాలంటే పై చెరువు తూము ఎత్తాలి. ఏ చెరువు ఎటు పారుతుందో ముందు తెలియాలి.

ఇక్కడ నాకో పాత తగవుంది. అయస్కాంతం పెడితే బొటనవేలు కదిలే చోటు పట్టుకుని, అక్కణ్ణుంచి 5 సెంటీమీటర్లు ముందుకు కొలిస్తే చాలు, మెదడు బొమ్మ ఎందుకు అనే పక్షం ఒకటి. కుంగుబాటు వైద్యంలో ఈ కొలతే ఏళ్లతరబడి నడిచింది. తలలన్నీ ఒక్క కొలతవా? వయసుతో మెదడు కుంచించుకుపోయి, దానికీ పుర్రెకూ మధ్య నీరు పెరుగుతుంది. ఆ నీరు కరెంటును తనవైపు లాక్కుంటుంది. దూరం పెరిగినకొద్దీ అయస్కాంతం బలమూ తగ్గుతుంది. కుర్రవాడికి సరిపోయిన మోతాదు అవ్వకు చాలదు. రెండో పక్షం 2016లో లేచింది. మెదడు శాస్త్రవేత్త బుజాకీ బృందం శవాల మీద కొలిచి, తలకు పెట్టిన కరెంటులో ఎక్కువ భాగం చర్మంలోనే పోతోందని చెప్పగానే, ఈ ప్రేరణంతా భ్రమ అన్నారు. ఆ కొలతను నేను కాదనను. అందుకే ప్రతి తలకూ ఎమ్‌ఆర్‌ఐ తీసి, లోపలికి ఎంత చేరుతుందో లెక్కగట్టి ఇవ్వమంటున్నాను. లెక్క కట్టకుండా ఇచ్చి, పని చేయలేదని తీర్పు చెప్పడం రోగికి అన్యాయం! ఈ మాట ఎన్ని సభల్లోనైనా అంటాను.

అధ్యక్షులవారు చీటీ పంపారు. త్వరగా ముగిస్తాను. 2022లో రోములో కోఖ్ బృందం 50 మంది అల్జీమర్స్ రోగుల్లో ప్రికూనియస్ అనే మెదడు భాగాన్ని 24 వారాలు ప్రేరేపిస్తే, ఉత్తుత్తి చికిత్స పొందినవారికంటే క్షీణత నెమ్మదించింది. మనకు దగ్గర్లో, బెంగళూరు ఐఐఎస్‌సీలోని మెదడు పరిశోధన కేంద్రం కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 45 దాటిన 10,000 మందిని ఏళ్లతరబడి పరీక్షించాలని పూనుకుంది, ఎమ్‌ఆర్‌ఐలూ తీస్తోంది. అక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎందరో. మన తలల లెక్క కట్టడానికి ఆ బొమ్మలు కావాలి.

ఆ నేతకారుడి ఫిల్మును కొడుకు ఇప్పటికీ పట్టుచీరల పెట్టెలో దాచుకున్నాడు. నిరుడు వెలుతురుకు పట్టి చూపించాడు. పుర్రె లోపల చుట్టూ ఆ నీరు, నల్లటి అంచులా.